పేరడిగితే గమ్మునుండు

2023 జూన్‌లో నెల్లూరులో ఒక మేడమ్ మా తమ్ముడిని "నీ పేరేంటి నాన్నా?" అని అడిగారు. వాడు బల్ల మీదున్న పేపర్ వెయిట్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె మళ్లీ అడిగారు. వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ తల దించుకుంది. "చెప్పరా చిన్నోడా" అన్నాను నేను. చెప్పలేదు.

పేరు చెప్పడం రాక కాదు. వాడి పేరు, ఊరు, నాన్న పేరు, మా వీధిలో ఆటో నడిపే అన్న పేరు, ఆ అన్న పిల్లల పేర్లు అన్నీ చెప్తాడు. ఊళ్లో ఎవరి బర్రె ఈనిందో మాకు ముందు వాడే చెప్పాలి. అలాంటివాడు అక్కడ నోరెందుకు విప్పలేదో బయటికొచ్చాక అమ్మ చెప్పింది. చెప్పి ఏడ్చింది.

మాది కందుకూరు దగ్గర పామూరు రోడ్డులో ఒక పల్లె. నాన్న కౌలుకు పొగాకు వేస్తాడు. నేను పెళ్లయ్యాక ఒంగోలులో ఉంటూ ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు రాస్తుంటాను. చిన్నోడికి ఇప్పుడు ఇరవై ఆరు. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదట. నడక ఆలస్యం, మాట ఆలస్యం. చదువు ఒంటబట్టలేదు. కాగితాల్లో మేధో వైకల్యం అని ఉంటుంది. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి కొన్నేళ్లు తీసుకెళ్లాం. అక్కడి టీచరమ్మ పుణ్యమా అని రంగులు, ఆకారాలు, కొన్ని అంకెలు పట్టుబడ్డాయి. తొమ్మిదో తరగతి దాకా బడికెళ్లి మానేశాడు. ఆ తర్వాత ఏం చేయాలో మాకెవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు. ఎనిమిదేళ్లు ఇంట్లోనే ఉన్నాడు.

2016లో వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు తీసుకెళ్లారు. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు, డిగ్రీ పరీక్షలని నేను వెళ్లలేదు. ముందురోజు పక్కింటి పిన్ని వచ్చి అమ్మకు ఒక సలహా ఇచ్చిందట. "వాడు గడగడా మాట్లాడతాడు గదా, అట్టా మాట్లాడితే శాతం తగ్గుద్ది. పేరడిగినా చెప్పనీయబాక" అని. నలభై శాతమైనా లేకపోతే పింఛను రాదని అందరికీ తెలుసు. అమ్మ బస్సులో వాడి చెవిలో దారిపొడుగునా అదే చెప్పింది: "నాయనా, డాక్టరు పేరడిగితే గమ్మునుండు." వాడు అమ్మ మాట జవదాటడు. గమ్మునున్నాడు. యాభై శాతం వచ్చింది. ఇంటికొచ్చాక అమ్మ వాడికి జిలేబీ కొనిపెట్టింది.

ఏడేళ్ల తర్వాత కూడా, బల్ల వెనక కుర్చీలో ఎవరైనా కూర్చుని పేరడిగితే వాడికి అదే పాఠం గుర్తొస్తోంది. ఆ యాభై శాతం మామూలుగా మాట్లాడినా వచ్చేదేనని నాకు ఇప్పుడు తెలుసు. తక్కువ స్థాయి మేధో వైకల్యానికి యాభై, మధ్యస్థానికి డెబ్బై ఐదు అని లెక్క ఉంటుంది, పరీక్షలు చేసి ఇస్తారు. పేరు చెప్పాడా లేదా అన్నదాని మీద తేలేది కాదు. ఆ రోజున మాకు తెలియదు.

అసలు నెల్లూరు ఎందుకు వెళ్లామో చెప్పాలి. ఉద్యోగం కోసం కాదు. బడిలో ఉన్నప్పుడు వాడికి తీసిన మైనర్ అకౌంటు పద్దెనిమిది దాటాక ఆగిపోయింది. సంతకం చేయలేడు కాబట్టి గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మన్నారు బ్యాంకులో. పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లే చట్టప్రకారం గార్డియన్లు కారని నాకు అప్పుడే తెలిసింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే లోకల్ లెవెల్ కమిటీ ఆ సర్టిఫికెట్ ఇస్తుంది. మా కలెక్టర్ ఎవరు? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. సదరం కాగితం మీద ప్రకాశం, అప్పటికి మేముండేది నెల్లూరు. గంటలో చేరుకునే ఒంగోలు పోయి, పొద్దున్నే సింగరాయకొండలో రైలెక్కాల్సిన నెల్లూరు వచ్చింది. అప్పట్లో నాన్న దీనికి ఎవరెవరిని తిట్టాడో ఇక్కడ రాయలేను.

కానీ జిల్లా మారకపోతే మాకు సి.ఆర్.సి. సంగతి తెలిసేదే కాదు. కాగితాలిచ్చిన చోట క్యూలో మా వెనకున్న ఒక తండ్రి చెప్పాడు. సికింద్రాబాద్‌లో ఉన్న మేధో వైకల్యాల జాతీయ సంస్థ కింద నెల్లూరులో ఒక కేంద్రం నడుస్తోందని, పెద్దపిల్లలకు ఏ పని నప్పుతుందో కూడా చూసి చెప్తారని. వచ్చినపని ఎలాగూ అయింది, రైలుకు టైముంది, వెళ్లాం. అలా ఆ మేడమ్ ముందు కూర్చున్నాం.

ఆమె పేరు సంగతి వదిలేసి అమ్మను అడిగారు. "ఇంట్లో ఏం చేస్తాడమ్మా?"

"ఏం చేయడమ్మా. తింటాడు, తిరుగుతాడు."

"పొద్దున లేచినకాడి నుంచి చెప్పండి."

అమ్మ చెప్పుకుంటూ పోయింది. లేస్తాడు, బర్రెకు గడ్డేస్తాడు, కొళాయి నీళ్లు పడతాడు, సీజన్‌లో అయితే నాన్నతో పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరికి పోతాడు. బ్యారన్ దగ్గర ఏం చేస్తాడు? ఆకు చూస్తాడు. చూడటమంటే? గ్రేడు చేసేటప్పుడు కూర్చుంటాడమ్మా, బ్రైటు ఒకవైపు, మీడియం ఒకవైపు, నల్లబడింది ఒకవైపు వేస్తాడు. ఎన్ని గంటలు? పొద్దుగూకేదాకా. తప్పులు పోతాయా? అమ్మ నన్ను చూసింది. నాకు తెలియదు. నాన్నకు ఫోన్ చేశాం. నాన్న అన్నాడు: "వాడు వేసిన కుప్ప మళ్లా చూడాల్సిన పన్లేదు. ఎందుకు?"

వేలంలో ఆకు రంగు అటూ ఇటూ అయితే కిలోకు ఎంత తేడా వస్తుందో పొగాకు పండించే వాళ్లకు తెలుసు. ఆ పనికి కూలీలను పెట్టుకుంటాం, కూలి ఇస్తాం. అదే పని మా ఇంట్లో వాడు ఏళ్ల తరబడి చేస్తుంటే "ఏం చేయడమ్మా" అంటున్నాం. ఆ మేడమ్ ఏమీ అనలేదు. రాసుకున్నారంతే. తర్వాత పూసలు, బోల్టులు, రంగు కార్డులు ఇచ్చి గంటకు పైగా చూశారు. ఒకే రకం పని గంటల కొద్దీ చేయగలడు, పోల్చి వేరు చేయడం బాగా వచ్చు, డబ్బుల లెక్క రాదు, చదివి చేసే పని పెట్టొద్దు, కొత్తచోట మొదటి వారం పక్కన ఒక మనిషుండాలి అన్నారు. ఇంకోటి కూడా అన్నారు: "వాడి బదులు మీరు జవాబు చెప్పడం మానండి."

ఆడిటర్ ఆఫీసులో పనిచేసేదాన్ని కాబట్టి నాకు తిరుగు రైల్లో ఇదంతా రెండు పద్దుల పుస్తకాల వ్యవహారంలా తోచింది. పింఛను బల్ల దగ్గర చూపించే పుస్తకంలో వాడికేమీ రాదు. రేపు ఉద్యోగం బల్ల దగ్గర చూపించే పుస్తకంలో వాడికన్నీ వచ్చు అని రాస్తాం. రెండూ దొంగలెక్కలే. రెండూ రాసేటప్పుడు వాడు పక్కనే కూర్చుని వింటుంటాడు.

ఇంత తెలిసీ ఆ రెండో తప్పు చేశాం.

బంధువుల్లో ఒక పెదనాన్న "గవర్నమెంటు కోటా ఉంది గదే, దానికి పెట్టండి" అంటూ ఉండేవాడు. కోటా ఉన్నమాట నిజమే. 1995 నాటి వికలాంగుల చట్టంలో మూడు శాతం ఉండేది, అందులో మా చిన్నోడిలాంటి వాళ్లు లేరు. 2016 చట్టం దాన్ని నాలుగు చేసి, ఆ నాలుగో శాతంలో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక జబ్బులున్న వాళ్లను చేర్చింది. అయితే పోస్టుకు ఉండాల్సిన చదువు ఉండాలి గదా. తొమ్మిదిలో ఆగినవాడికి ఆ తలుపు తెరుచుకోదు. ప్రైవేటు వాళ్లనైతే చట్టం బలవంతపెట్టదు. కనీసం ఐదు శాతం మందిని తీసుకునేలా ప్రభుత్వాలు ప్రోత్సాహకాలు ఇవ్వాలంటుంది, అంతే. పెదనాన్నకు ఇదంతా చెప్తే "అయితే చట్టం ఎందుకంట" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

2023 నవంబర్‌లో తెలిసినవాళ్ల ద్వారా ఒక సూపర్ మార్కెట్‌లో అడిగాం. మేనేజరు "ఏం చేస్తాడు?" అంటే నేనే "అన్నీ చేస్తాడు సార్, చెప్తే చాలు" అన్నాను. వాడు పక్కనే ఉన్నాడు, గమ్మునున్నాడు. అరల్లో సరుకు సర్దమన్నారు. సబ్బులు, షాంపూలు పేరు చదివి సర్దాలి. రెండు రోజులకే తేలిపోయింది. మాతో చెప్పకుండా గేటు దగ్గరికి మార్చారు. టోపీ ఇచ్చారు. వచ్చేవాళ్లకు సెల్యూట్ కొట్టమని అక్కడి కుర్రాళ్లు నేర్పారు, కొడుతుంటే ఫోన్లో వీడియోలు తీసి నవ్వుకున్నారు. ఇంట్లో ఏమీ చెప్పలేదు వాడు. పదకొండో రోజు సాయంత్రం ఇంటికొచ్చి టోపీ తీసుకెళ్లి బావిలో పడేశాడు. నాన్న గట్టు మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూస్తూ ఉన్నాడని అమ్మ చెప్పింది. మూడు రోజుల జీతం కూడా పట్టుకున్నారు టోపీకని.

కుర్రాళ్ల మీద ఇప్పటికీ కోపముంది. కానీ చదవడం రాదని ముందే చెప్పి ఉంటే, వాడిని చదివే పనిలో పెట్టేవాళ్లు కాదు. ఆ మేడమ్ చెప్పిన మాట నా పర్సులో కాగితం మీద రాసి ఉంది.

ఆ తర్వాత నాన్న ఒక పని మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు, ఆయనకే తట్టింది. రాత్రి అన్నాలయ్యాక వసారాలో స్టూలు వేసి, దాని వెనక కుర్చీలో కళ్లజోడు పెట్టుకుని కూర్చుని చిన్నోడిని పిలిచేవాడు.

"నీ పేరేంటి బాబూ?"

"నీకు తెలీదా నాన్నా?" అని వాడు పడీపడీ నవ్వేవాడు.

నాన్నతో కాదని తేలింది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర నిజం బల్ల ఉంది. వారానికి రెండుసార్లు అక్కడ కూర్చోబెట్టి ఆయన చేత, ఆయన దగ్గరికొచ్చే వాళ్ల చేత అడిగించేవాళ్లం. రేషన్ డీలరు అడిగాడు, పంచాయతీ ఆఫీసులో అడిగారు. సంక్రాంతి నాటికి బల్ల ముందు నోరు తెరిచాడు. పేరు, ఊరు, ఆ తర్వాత మేము నేర్పని మాట ఒకటి తనే కలిపాడు: "నాకు చదవడం రాదు." ఎక్కడ విన్నాడో, ఎన్నిసార్లు విన్నాడో.

కందుకూరులో ఒక కిరాణా హోల్‌సేల్ షాపు లెక్కలు మా ఆఫీసుకు వస్తాయి. జీఎస్టీ కాగితాల కోసం శెట్టిగారితో నేనే ఫోన్లో మాట్లాడుతుంటాను. పప్పులు, దినుసులు బస్తాల్లో తెప్పించి పావు కిలో, అర కిలో ప్యాకెట్లు కట్టి చుట్టుపక్కల ఊళ్ల దుకాణాలకు వేస్తారు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. ఆయన సూటిగా "జాలికి పెట్టుకోమంటావా, పనికి పెట్టుకోమంటావా అమ్మా?" అన్నారు. పనికే సార్ అన్నాను. ఈసారి ఒకే పుస్తకం తీశాను. అంకెలు గుర్తుపడతాడు కానీ కూడికలు రావు, చదవలేడు, రంగులో నాణ్యతలో తేడా పట్టేస్తాడు, గట్టిగా అరిస్తే బిగుసుకుపోతాడు, పది రోజులు చూడండి, పనికిరాకపోతే మొహమాటం లేకుండా చెప్పండి. ఆ పది రోజులకు జీతం వద్దన్నాను. ఇది మాత్రం చేయాల్సింది కాదు. పది రోజులు మనిషి పనిచేస్తే కూలి ఇవ్వాలి. మిగతా వాళ్లను ఎవరినైనా ఊరికే చేసి చూపించమంటామా?

శెట్టిగారు వాడిని బల్ల ముందు నిలబెట్టి పేరడిగారు. చెప్పాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

2024 ఫిబ్రవరిలో చేరాడు. నేను సెలవు పెట్టి మొదటి మూడు రోజులు వాడి పక్కన కింద కూర్చుని నేనూ ప్యాకెట్లు కట్టాను. నాలుగో రోజు ఎదురుగా టీకొట్టు దగ్గర కూర్చున్నాను. ఆరో రోజు ఒంగోలు వచ్చేశాను. అక్కడ ప్యాకింగ్ చేసే ఇద్దరిలో పెద్దావిడ, నేను వాడి పక్కన కూర్చున్నంతసేపు "ఏం చేస్తాడో ఏమో" అనుకుంటూ ఉండేది. నేను లేచి వెళ్లాకే వాడితో మాట్లాడటం మొదలుపెట్టిందట. ఇప్పుడు వాడికి అన్నం తినే టైము చెప్పేది ఆవిడే.

కాటా దగ్గర చిక్కొచ్చింది. ఎలక్ట్రానిక్ కాటా మీద 250 రావాలని ఒక అట్టముక్క మీద రాసి కాటా పక్కన అంటించాను. వాడికి అది లెక్క కాదు, బొమ్మ. అట్ట మీద బొమ్మ, కాటా మీద బొమ్మ ఒకటి కావాలి. కాటా 251 చూపిస్తే చిటికెడు కందిపప్పు తీస్తాడు. 249 అవుతుంది. కొన్ని బద్దలు వేస్తాడు. ఫ్యాన్ గాలికి అంకె కదులుతుంది. మళ్లీ కొన్ని తీస్తాడు. ఒక్కో ప్యాకెట్‌కు మూడు నిమిషాలు పట్టేది. పక్కావిడ ఆ టైములో ఐదు కట్టేసేది. ఏడో రోజు శెట్టిగారు ఫోన్ చేసి "పని శుభ్రంగా ఉందమ్మా, కానీ బంగారం తూచినట్టు తూస్తున్నాడు" అన్నారు. ఆ శనివారం వెళ్లి ఒకటికి బదులు ఐదు అట్టముక్కలు రాశాను. 248, 249, 250, 251, 252. ఐదింటిలో ఏది వచ్చినా సరే అని, ఐదింటికీ పచ్చ రంగు పూసి వరసగా అంటించాను. వాడు కాసేపు వాటిని చూశాడు. "ఇన్నీ కరెక్టేనా అక్కా?" అన్నాడు. ఇన్నీ కరెక్టే అన్నాను. మర్నాటి నుంచి గంటకు యాభై దాటాయి. సీలింగ్ మిషన్ మాత్రం అమ్మ భయపడుతుందని చాలా రోజులు ముట్టనివ్వలేదు. ఒకరోజు పెద్దావిడ రాకపోతే వాడే కాలితో తొక్కి సీలు వేశాడు. వేలు కాల్చుకున్నది నేను, వాడు కాదు.

దారి సంగతి. మా ఊరి నుంచి కందుకూరుకు తొమ్మిది కిలోమీటర్లు, షేర్ ఆటో ఇరవై రూపాయలు. నాన్న బండి మీద దించి రాగలడు. పొగాకు పనుల్లో రోజూ కుదరదు, కుదిరినా వద్దన్నాను, దీని మీద ఇంట్లో పెద్ద గొడవే అయింది. చివరికి అమ్మే ఉపాయం చెప్పింది. ఎడమ జేబులో ఒక ఇరవై నోటు, కుడి జేబులో ఒక ఇరవై నోటు. పోయేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి. చిల్లర లెక్క అవసరమే లేదు. రెండు వారాలు ఆటో వెనక నేనో నాన్నో బండి మీద వెళ్లేవాళ్లం. నేను హెల్మెట్ పెట్టుకుని కొంచెం దూరంలో వస్తుంటే వాడు ఆటో వెనక నుంచి చెయ్యూపి "అక్కా, నువ్వూ కందుకూరేనా?" అని అరిచాడు.

మే నెలలో ఒకసారి తప్పిపోయాడు. సాయంత్రం ఆరున్నరకు నాకు ఫోన్. వాడి దగ్గర బటన్ల ఫోన్ ఉంది, రెండు నొక్కి పట్టుకుంటే నాకు వస్తుంది. "అక్కా, ఇక్కడ మామిడికాయలున్నాయి" అన్నాడు. ఎక్కడరా అంటే, "చానా మామిడికాయలు. లారీలు పోతున్నాయి." మా ప్రాంతంలో ఎవరికైనా ఇది చాలు. పామూరు రోడ్డు ఆటో బదులు అటువైపు పోయేది ఎక్కి ఉలవపాడు హైవే మీద దిగాడు. ఫోన్ ఆ మామిడి కొట్టావిడకు ఇమ్మన్నాను. నాన్న వెళ్లేసరికి స్టూలు మీద కూర్చుని కాయ తింటున్నాడట. ఆ రాత్రి అమ్మ "ఇంక చాలు, పంపను" అంది. నాన్న "నేను కూడా ఒకసారి మద్రాసు బస్సెక్కబోయి తిరపతి బస్సెక్కా, నన్నేమన్నా ఇంట్లో కూర్చోబెట్టారా?" అన్నాడు. మా నాన్న గురించి ఇక్కడ చెడ్డగా రాసినవి ఏవైనా ఉంటే ఈ ఒక్క మాటకు కొట్టేయొచ్చు.

అదే నాన్న జులైలో అడ్డం తిరిగాడు. 2024 జులై 1న గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి చిన్నోడి చేతిలో ఆరు వేలు పెట్టారు. అంతకుముందు మూడు వేలు. అప్పటికి శెట్టిగారు ఇస్తున్నది నెలకు నాలుగున్నర వేలు. నాన్న వేళ్ల మీద లెక్కేశాడు. "ఇంట్లో ఉంటే ఆరు వేలు. పోయి చాకిరీ చేస్తే నాలుగున్నర. దాన్ని చూసి దీన్ని పీకేస్తే? నలుగురూ చూస్తుండారు, ఎవడో ఒకడు అర్జీ పెడతాడు." ఈ భయం మా ఇంట్లోదే కాదు. మా చుట్టుపక్కల పనికి పోగలిగిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈ లెక్కతోనే ఇంట్లో ఉన్నారు. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడిగాను. పింఛనుకు సదరంలో కనీసం నలభై శాతం ఉండాలి, ఇంటి ఆదాయం పల్లెల్లో నెలకు పది వేలు మించకూడదు, పొలం, కరెంటు యూనిట్లు చూస్తారు అన్నాడు. పనికి వెళ్తే శాతం తగ్గుతుందా అన్నాను. శాతం వేసేది డాక్టర్లు, షాపు కాదు గదక్కా అన్నాడు. ఆదాయం లెక్క కాగితం మీద వేసి నాన్నకు చూపించాను. కౌలు రైతు ఆదాయం ఎంతో నాన్నకు నేను చెప్పక్కర్లేదు. అయినా భయం పోలేదు, రెండు రోజులు మానెయ్యమన్నాడు. మూడో రోజు పొద్దున ఏడింటికి చిన్నోడు తనే చొక్కా వేసుకుని, రెండు జేబులూ తడిమి చూసుకుని గడపలో కూర్చున్నాడు. అమ్మ వెళ్లి నోట్లు పెట్టింది.

జీతం విషయం ఆ అక్టోబర్‌లో కదిపాను. ఆడవాళ్లకు వంద ప్యాకెట్లకు ఇంత అని ఇస్తున్నారు, వీడికి నెలకు ఇంత అని. లెక్క తీస్తే వీడికి తక్కువ పడుతోంది. శెట్టిగారికి ఆయన పుస్తకంలో నుంచే చూపించాను. కాసేపు మీసం దువ్వుకుని, "లెక్క లెక్కే" అన్నారు. అప్పటి నుంచి అదే రేటు. ఒక నెల ఐదు వేలు, ఒక నెల ఆరు. గార్డియన్ సర్టిఫికెట్ అప్పటికే చేతికొచ్చింది కాబట్టి అకౌంటులో పడుతున్నాయి. మొదటి నెల దాంట్లోంచి అమ్మకు జిలేబీ తెచ్చాడు. ఎందుకు జిలేబీయో అమ్మ అడగలేదు.

2025లో రాష్ట్రమంతా దివ్యాంగుల పింఛన్లు మళ్లీ పరిశీలించారు. మాకూ కాగితం వచ్చింది, ఫలానా తేదీన ఆసుపత్రికి రావాలని. నేను ముందురోజు రాత్రే ఊరెళ్లాను. పొద్దున నాన్న మమ్మల్ని బండి మీద రెండు విడతలుగా కందుకూరు బస్టాండులో దించాడు. బస్సులో అమ్మ చిన్నోడి పక్కన కూర్చుంది, నేను వెనక సీట్లో. బస్సు కదిలాక అమ్మ వాడి వైపు వంగి చెవి దగ్గర ఏదో మొదలుపెట్టింది. నాకు వినపడలేదు, అయినా తెలుసు. "అమ్మా" అన్నాను. అమ్మ ఆగింది. నా వైపు తిరగలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

డాక్టరు కుర్రాడే. ఫైలు చూస్తూ, తల ఎత్తకుండా "పేరేంటి?" అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

చిన్నోడు పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. డాక్టరు తలెత్తి "ఏం చేస్తుంటావు?" అన్నాడు.

"శెట్టిగారి కొట్లో కందిపప్పు తూస్తా. రెండు వందల యాభై. నలభై ఎనిమిదైనా పర్లేదు, యాభై రెండైనా పర్లేదు." ఆగి, "నాకు చదవడం రాదు" అన్నాడు. ఇంకాస్త ఆగి, "ఎన్నింటికి అయిపోద్ది సార్? జీలకర్ర బస్తా విప్పారు" అన్నాడు.

డాక్టరు నవ్వి, పక్క గదిలో పరీక్షకు పంపాడు. గంటన్నర పట్టింది. తర్వాత వచ్చిన కాగితంలో మళ్లీ యాభై శాతమే ఉంది. కానీ ఆ రోజుకు మాకది తెలియదు. అమ్మ బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. కందుకూరులో దిగేసరికి మూడయింది. నేను అటునుంచి అటే ఒంగోలు బస్సెక్కాలి. చిన్నోడు కొట్టుకు పోతానన్నాడు, ఇవాళ వద్దులే నాయనా అంది అమ్మ. పామూరు రోడ్డు ఆటో ఎక్కారు. అమ్మ చీరకొంగు ముడి విప్పబోతుంటే వాడు ఆపాడు. ఎడమ జేబులోంచి ఒక ఇరవై తీశాడు, కుడి జేబులోంచి ఒక ఇరవై తీశాడు. "ఇది అమ్మకి, ఇది నాకు" అని డ్రైవరు చేతిలో పెట్టాడు.